ప్రతి అక్షరమూ నాదే

కెమిస్ట్రీ మాస్టారు ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకల్లా సంతకాలు ముగించి, పదకొండింటికి పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లాలి. సంతకాలకు ఆయన పెద్దగా సమయం కేటాయించరు. ఏ విద్యార్థి సిఫారసు లేఖ అడిగినా, "నువ్వే రాసి పట్టుకురా. అచ్చం నేను రాసినట్టే ఉండాలి" అనడం ఆయన పద్ధతి. ఇరవై ఏళ్లలో కొన్ని వందల లేఖల మీద సంతకం పెట్టారే గాని, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు.

తలుపు దగ్గర మూడో ఏడు చదివే అమ్మాయి కాగితం పట్టుకుని నిలబడి ఉంది. మాట పెదవి దాటి రాదు గనక తోటివాళ్లు ఆమెకు గుసగుస అని పేరు పెట్టారు. విదేశంలో ఆరు నెలల చదువు, ఆపైన అక్కడి గాజు ఫ్యాక్టరీలో మూడు నెలల శిక్షణ, ఖర్చంతా స్కాలర్‌షిప్ వాళ్లదే. కాలేజీకి ఒక్కరికే అవకాశం. ఆమెకు మార్కులున్నాయి, మిగతా కాగితాలున్నాయి. మధ్యాహ్నంలోగా మాస్టారి లేఖ చేరితే చాలు.

"ఒకసారి చదువుతారా సార్?" అంది.

"నీ మీద నాకు ఆ మాత్రం నమ్మకం లేదా ఏంటమ్మా?" అంటూ మాస్టారు సంతకం గీకేసి, ముద్ర కొట్టేశారు. గుమాస్తా దాన్ని అప్పటికప్పుడే పంపించేశాడు.

డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా ఆయన ఫోన్ మోగింది. స్కాలర్‌షిప్ కమిటీ కార్యదర్శి.

"ఈ లేఖ మీరే రాశారా అండీ?"

"ప్రతి అక్షరమూ నాదే."

"రెండో పేరాలో ఉన్నది నిజమేనా?"

తెలివైన అమ్మాయి, కష్టపడే అమ్మాయి, ఇంతకంటే ఏముంటుంది అనుకున్నారు మాస్టారు. "నిజమే. మొహమాటపడి కాస్త తగ్గించే రాశాను."

"తగ్గించారా? ఈ సంగతి మీ ప్రిన్సిపాల్‌గారికి తెలుసా?"

"కాలేజీ అంతటికీ తెలుసు. కావాలంటే ఆయన్నే అడగండి."

ఆవిడ అడిగింది. మాస్టారు పన్ను పీకించుకోకుండానే ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తుకు రావలసి వచ్చింది. ప్రిన్సిపాల్ బల్ల మీద ల్యాబు రిజిస్టరు తెరిచి ఉంది, చేతిలో కమిటీ పంపిన లేఖ నకలు ఉంది.

"'ఈ అమ్మాయిని మూడేళ్లుగా ఎరుగుదునని రాయాలి గాని, ఎరగను. మొన్నటిదాకా వాళ్లక్క పేరుతోనే పిలిచాను. నిరుడు ల్యాబులో పదహారు ప్రయోగాలకు నేను చేయించినవి నాలుగు. మిగతా పన్నెండూ జూనియర్లకు ఈ అమ్మాయే నేర్పింది. అందులో రెండు గాజు జాడీలు పగలగొట్టింది.'" ప్రిన్సిపాల్ తలెత్తారు. "ఇది తగ్గించి రాశారట?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. గుసగుసను పిలిపించారు.

"ఏంటమ్మా ఈ రాత?"

ఆమె ఏదో అంది. ఇద్దరూ దగ్గరికి జరిగితే గాని వినపడలేదు. "మీరు రాసినట్టే ఉండాలన్నారు కదా సార్. నన్ను నేను పొగుడుకోవడానికి చెయ్యి రాలేదు. మీ పేరు మీద అబద్ధం రాయాలంటే భయమేసింది. అందుకే చదవమన్నాను."

కోపం రావలసిన చోట మాస్టారికి సిగ్గేసింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకోవడం చూశాక బాధ కూడా వేసింది. తన పరువు సరే, చేతికందిన అవకాశం ఆమెకు తన వల్లే జారిపోతోంది. ఫోన్ తీసి కమిటీకి కలిపారు.

"అమ్మా, నేను అబద్ధమాడాను. ఆ లేఖ నేను రాయలేదు. కనీసం చదవను కూడా లేదు. తప్పు నాది, అమ్మాయిని శిక్షించకండి."

"తెలుసండీ," అంది కార్యదర్శి. "ఆఖరి వాక్యంలో ఉంది. 'ఈ లేఖను చదవకుండానే సంతకం పెడుతున్నాను' అని."

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"ఈ ఏడు అరవై లేఖలొచ్చాయి. యాభై తొమ్మిదింటిలో పిల్లలంతా పుట్టుకతోనే నాయకులు. ల్యాబు నడిపిన పిల్ల మాత్రం ఒక్కతే. రిజిస్టరు చూసి మీ ప్రిన్సిపాల్‌గారు కూడా నిజమేనన్నారు. ఆమెనే తీసుకుంటున్నాం. సమ్మతి పత్రం పంపాను, సంతకం పెట్టండి. ఈసారి చదివి."

మాస్టారు జేబులన్నీ తడుముకున్నారు. ఇరవై ఏళ్లుగా పనిపడని కళ్లద్దాలు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. చివరికి గుసగుసే పత్రమంతా శ్రద్ధగా చదివి వినిపించింది.

ఒక్క ముక్కా వినపడలేదు. మాస్టారు తలూపి సంతకం పెట్టేశారు.