జీడిపొగ

పటాలంలో చేరబోతున్న మణికంఠ ఇనపపెట్టెలో చివరగా ఏం పెట్టాలన్న దానిమీద ఆ ఉదయం కవిటిలో అత్తాకోడళ్ళకి మాట పట్టింపు వచ్చింది. పలాస నుంచి తెప్పించిన తెల్లటి జీడిపప్పు పెడదామని కోడలు సౌజన్య. తోటలో ఏరిన జీడిపిక్కలు పెంకులతోనే పెట్టాలని అత్త రత్నాలమ్మ.

"కొన్న పప్పు పెద్దాఫీసర్లకి పెడతాడేటి? ఏడేడిగా కాల్సి పెడితే ఆ వాసనకే ఏటడిగినా ఇస్తారు."

"మీ అబ్బాయి దేశాన్ని కాయడానికెల్తన్నాడత్తా, పిక్కలు కాల్సడానికి కాదు," అంది నిండు నెలల సౌజన్య.

పెట్టెమీద కూర్చున్నది తల్లి కాబట్టి పిక్కలే ప్రయాణమయ్యాయి.

మణికంఠ రాజస్థాన్ స్థావరంలో అడుగుపెట్టేలోగా ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. బారసాలకి వెళ్ళాలి. కొత్తగా చేరినవాడికి సెలవు ఇప్పించగలిగేది సుబేదారు బల్వాన్ సింగ్ ఒక్కడే. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. మణికంఠకి తల్లి మాట గుర్తొచ్చింది. ఒక పొద్దున్న పరేడ్‌కి ముందు, వంటశాల వెనక మంట పెట్టి, కోసిన నూనెడబ్బాలో పిక్కలు పోశాడు.

కవిటి చుట్టూ ఉన్న ఉద్దానం జీడితోటల్లో పిక్కలు కాలుతుంటే లేచే నల్లటి పొగకి ఎవరూ తల తిప్పి చూడరు. గాలివాలు చూసుకుని పక్కకి జరిగి కూర్చుంటారు. ఎడారిలో ఆ పొగ ఎరిగినవాళ్ళు లేరు. పెంకుల్లోని నూనె అంటుకునేసరికి కాపలా గోపురం మీది జవానుకి కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. విషవాయువు అనుకుని సైరన్ మోగించాడు. అందరూ ముసుగులు తొడుక్కున్నారు. వీళ్ళని చూసి పక్క స్థావరం వాళ్ళూ తొడుక్కున్నారు. వంటవాడు బకెట్టెడు నీళ్ళు మంటమీద కుమ్మరించాడు. నూనెమంట ఆరకపోగా ఇంకా ఎగసి, పిక్కలు టపటపా పేలాయి. ఆ చప్పుడుకి రెండు స్థావరాలూ కందకాల్లోకి దూకాయి.

ముసుగు లేకుండా, పొగలో తాపీగా పిక్కలు కలుపుతున్నవాడు మణికంఠ ఒక్కడే. విషం తలకెక్కి మతి చలించిందని నలుగురు వచ్చి అతన్ని స్ట్రెచర్‌కి కట్టేశారు. పిక్కలు మాడిపోతున్నాయని అతను తెలుగులో మొత్తుకున్నకొద్దీ కట్లు బిగించారు. డాక్టరు అతని వేళ్ళమీది నల్లమరకలు చూసి పెదవి విరిచాడు. కవిటిలో ఆ జీడినూనె మరకలు లేని చెయ్యి దొరకడం కష్టం. అదంతా విప్పి చెప్పేంత హిందీ మణికంఠకి ఇంకా రాలేదు. బారసాల మాత్రం కళ్ళముందే పొగలో కలిసిపోయిందని అర్థమైంది.

పొగ పలచబడ్డాక సుబేదారు డబ్బా దగ్గరికి వచ్చాడు. ముసుగు కాస్త పైకెత్తి వాసన చూశాడు. తర్వాత పూర్తిగా తీసేశాడు. ఒక పిక్కని బూటుతో చితక్కొట్టి, పప్పు ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. కల్నల్ వచ్చేసరికి డబ్బా సగం ఖాళీ.

సాయంత్రం పటాలమంతా భోజనాలకి కూర్చున్నప్పుడు కల్నల్ లేచి, మనమంతా ఒకే కుటుంబమని మొదలుపెట్టాడు. కట్లు విప్పించుకుని వచ్చిన మణికంఠ, శిక్ష ఏం పడుతుందోనని రొట్టె తుంచడం ఆపాడు. వచ్చే వారం జరపాల్సిన విషవాయు అభ్యాసం ఈరోజే దివ్యంగా జరిగిపోయిందట. పక్క స్థావరం వాళ్ళు తమకీ ఒకటి జరిపించమంటున్నారట. అందుకు మూడు బస్తాల పిక్కలు కావాలి. కవిటి వెళ్ళి తేవడానికి పదిరోజుల సెలవు మంజూరు చేశానన్నాడు.

మణికంఠ చేతిలో రొట్టెతోనే లేచి సెల్యూట్ కొట్టబోయాడు. కల్నల్ కూర్చోమన్నాడు. కాల్చడం తెలిసినవాడు స్థావరం దాటడానికి వీల్లేదు. వెళ్ళేది సుబేదారు.

ఇంటికి ఫోన్ చేస్తే సౌజన్య అంతా విని, "మరి పాపనెప్పుడు సూత్తావు?" అంది.

"సుబేదారుగారు బారసాలకొచ్చి, సూసెల్లి, ఎలాగుందో నాకు సెప్తారంట."