బాక్స్‌రూమ్ పోయిన విధంబెట్టిదనిన

మీలో ఎవరికైనా ఇంట్లో తలుపు వేసుకుని కూర్చునే గది ఉంటే, ఇంకో చోటు బాగుందని పైకి అనకండి. నేను అని చెడిపోయాను.

బ్లాంచర్డ్స్‌టౌన్ అనే ఈ ఐరిష్ ఊళ్ళో మా ఇంటి మేడ మీద చిన్న బాక్స్‌రూమ్ ఉంది. మంచం పట్టదు, మనిషి పడతాడు. వారానికి నాలుగు రోజులు నా ఆఫీసు అక్కడే. కిటికీ ఉంది, రేడియేటర్ ఉంది, ఎవరూ రారు.

ఒక ఆదివారం మా ఆవిడ వసుంధర ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని ఇల్లంతా తిరిగి, సరిగ్గా ఆ గది గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, ఇది ఈశాన్యం! దేవుడు ఇంకెన్నాళ్ళు వంటింటి అలమరలో పప్పు డబ్బాల పక్కన ఉంటాడు? ఇక్కడ గోడ కొలతకి మందిరం చేయిద్దాం."

"మరి నేను?"

"మీకేం, ల్యాప్‌టాప్ ఎక్కడుంటే అక్కడే ఆఫీసు."

దేవుడితో పోటీకి దిగలేం కదా! అందుకని పన్నాగం పన్నాను. మా ఆవిడ నా మాట వినదు గానీ చేతిలో కొలతల టేపు ఉన్నవాళ్ళ మాట వింటుంది. మందిరానికి మెట్ల కింది ఖాళీయే సరైన చోటని చెప్పే పనివాడు దొరికితే చాలు. వెతికే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను.

మొదటాయన ఏమడిగినా "గ్రాండ్" అన్నాడు, ఇక్కడివాళ్ళ భాషలో "భేషుగ్గా ఉంటుంది" అని. మెట్ల కింద? గ్రాండ్. బాక్స్‌రూమ్‌లో? గ్రాండ్. అటక మీద? అదీ గ్రాండే. ఆ గ్రాండయ్యని పంపేశాను. రెండో ఆయన ప్రతి గోడనీ తట్టి నాలుక చప్పరించాడు. మెట్ల కింద మరీ గట్టిగా చప్పరించాడు. ఆ చప్పరింపు శాస్త్రినీ సాగనంపాను.

"పిలిచేదీ మీరే, వద్దనేదీ మీరే! పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టలేదు కదండీ!"

"అప్పుడు అనుభవం లేదు."

ఆ మాటకి రెండు పూటలు ఉప్పులేని పప్పు తిన్నాను.

మూడోసారి జాగ్రత్తపడ్డాను. అబిగేయిల్ అని, ఒక్కతే వడ్రంగి వర్క్‌షాప్ నడుపుకునే మనిషి. ముందురోజే రహస్యంగా ఫోన్ చేసి మెట్ల కింది చోటుని తెగ పొగిడాను. ఎంత ప్రశాంతం! కిటికీ లేదు కనక మనసు చెదరదు! కూర్చుంటే లేవబుద్ధి కాదు! ఆవిడ అన్నీ రాసుకుంది.

వచ్చాక పెసరట్టు తిన్నదే తప్ప టేపు తియ్యలేదు. ఎవరు కూర్చుంటారు, ఎటు తిరిగి, ఎంతసేపు అని వసుంధరని అడుగుతూ కూర్చుంది. నాకు ఓపిక పోయింది.

"మెట్ల కింద అయితే..." అన్నాను.

"దేవుడి నెత్తి తొక్కుకుంటూ పైకెళ్తామా? లెంపలేసుకోండి!"

వేసుకున్నాను. నేనెందుకు నన్ను నేను కొట్టుకుంటున్నానో అబిగేయిల్‌కి వసుంధర వివరంగా చెప్పింది.

"అర్థమైంది. మందిరం పైన, మెట్ల కింద మీ ఆయనకి," అంది అబిగేయిల్. "నిన్న ఫోన్‌లో ఆ చోటు గురించి ఎంత ప్రేమగా చెప్పారో!" అని పుస్తకం తీసి నా మాటలన్నీ చదివింది.

వసుంధర నావైపు తిరిగింది.

"నిన్న ఫోన్ చేశారా?"

"ఊరికే, కుశలం అడుగుదామని..."

"అంత ఇష్టమైతే నోరు తెరిచి నన్నడగొచ్చు కదండీ!" అంది నవ్వు బిగబట్టుకుంటూ.

టేపు అప్పుడు బయటికొచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి నడినెత్తి దాకా కొలిచారు.

పని మాత్రం అద్భుతం, ఒప్పుకుంటాను. బల్ల నాకు కుట్టించిన చొక్కాలా సరిపోయింది. తల ఎత్తితేనే ఇబ్బంది. మా అమ్మాయి ఐశ్వర్య మెట్లెక్కినప్పుడల్లా మీటింగ్‌లో అందరూ ఉలిక్కిపడుతున్నారు. "సారీ డాడ్!" అంటుంది, దిగుతూ మళ్ళీ తొక్కుతుంది.

ఒళ్ళు మండి, రోజూ లంచ్ టైములో నా పాత గదికే, అదే ఇప్పటి పూజగదికెళ్ళి కళ్ళు మూసుకుని అరగంట కూర్చోవడం మొదలెట్టాను. మా ఆవిడ వారం రోజులు గమనించింది.

"మీలో ఇంత భక్తి ఉందని తెలీదండీ! శనివారాలు ఉపవాసం కూడా ఉంటారని అత్తయ్యగారికి ఫోన్ చేసి చెప్పేశాను. పాపం, సంతోషంతో ఏడ్చేశారు."

ఇవాళ శనివారం. ఆ సమోసాల పళ్ళెం కాస్త అటు జరపండి, మా ఆవిడ ఇటే చూస్తోంది.