బండి ఆగిపోయిందా? అభినందనలు!

టైముకు వచ్చే రైలంత స్నేహద్రోహి ఈ లోకంలో మరొకటి లేదు! ఈ మాట ఆవేశంలో అనడం లేదు. నాలుగేళ్ళుగా హాస్టల్ గదిలో కాపురముంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక బండి ఎక్కి, దిగాల్సిన చోట దాదాపు ఎప్పుడూ దిగని విద్యార్థినిగా, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

మీలో ఎవరో ఈ కాలమ్‌ని ప్లాట్‌ఫారం మీద, సూట్‌కేసు మీద కూర్చుని చదువుతూ ఉంటారని నాకు తెలుసు. మైకులో ఆవిడ "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఇప్పటికి నాలుగుసార్లు చింతించి ఉంటుంది. చింతించకండమ్మా! మీరు మాకు చేస్తున్న మేలు మీకే తెలియదు.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మేం ముగ్గురం ఒకే బడిలో, ఒకే బెంచీ మీద పదేళ్ళు చదివాం. ఒకతి చిలక. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడితే, అంటే ఆమె మాట్లాడుతుండగా మీరు వింటే, తెలిసిపోతుంది. ఇప్పుడు పళ్ళ డాక్టరు కోర్సు చదువుతోంది. రెండోవాడు గడియారం. ఎక్కడికీ టైముకు రాడు కాబట్టి మా లెక్కల మాస్టారు పెట్టిన పేరది. వాతావరణ శాస్త్రం చదువుతున్నాడు. మూడోదాన్ని నేను. ఇళ్ళకూ ఆస్పత్రులకూ ప్లాన్లు గీసే చదువు నాది. ముగ్గురివీ మూడు ఊళ్ళు. ఏ ఊరినుంచి ఏ ఊరికి బయల్దేరినా ఏడెనిమిది గంటల ప్రయాణం.

విడిపోయేటప్పుడు పెద్ద పెద్ద ఒట్లే వేసుకున్నాం. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి వీడియో కాల్! మొదటి ఆదివారం ముగ్గురం వచ్చాం, ఒకరి గదులు ఒకరికి చూపించుకున్నాం. రెండో ఆదివారం గడియారం పదకొండున్నరకు వచ్చి, "అదేంటి, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. మూడో ఆదివారం నేను నిద్రలేవలేదు. నాలుగో ఆదివారం చిలక ఒక్కతే ఫోన్లో తన ముఖం తనే చూసుకుంటూ ఇరవై నిమిషాలు కూర్చుందట.

ఆ తర్వాత మా స్నేహం గ్రూపులో మిగిలింది. "బిజీనా?" "బిజీ. నువ్వు?" "బిజీ." దాని కింద ఒక బొటనవేలు. పుట్టినరోజుకు కేకు బొమ్మ. పరీక్షల ముందు దండం బొమ్మ. ఒక ఏడాదిలో నేను ఆ ఇద్దరికీ మూడు వందల బొటనవేళ్ళు పంపి ఉంటాను. పదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

అలాంటి సమయంలో ఒక బస్సు ఇంజన్ మమ్మల్ని కాపాడింది.

రెండో సంవత్సరంలో, మూడు వారాలు కష్టపడి అట్టముక్కలతో కట్టిన ఆస్పత్రి నమూనాని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్తున్నాను. పక్క సీటు పెద్దాయన కిటికీ మూయాలి, కాస్త లెమ్మన్నాడు. లేచి, నమూనాని సీటు మీద పెట్టాను. ఆయన కిటికీ మూసి, దాని మీదే కూర్చున్నాడు. అత్యవసర విభాగం, ఆపరేషన్ థియేటర్, ముప్పై పడకల వార్డు, అన్నీ ఒక్క మనిషి కింద! "ఏదో చప్పుడయింది, చూడమ్మా" అని మళ్ళీ నాకే చెప్పాడు. నేను ఇంకా నోరు తెరవకముందే బస్సు ఒక్కసారి దగ్గి, రోడ్డు పక్కన ఆగిపోయింది. డ్రైవరు ఇంజన్ మూత ఎత్తి, తల అడ్డంగా ఊపి, మూత దించేశాడు.

రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని, ఒళ్ళో చదునైన ఆస్పత్రితో, ఏడుపు ఆపుకుంటూ ఇద్దరికీ కలిపి కాల్ చేశాను. ఇద్దరూ ఎత్తారు! గంటా నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. పెద్దాయన గురించి పావుగంటే. మిగిలిందంతా వేరే. గడియారం వాళ్ళ నాన్న ఉద్యోగం మానేసి ఆరు నెలలయిందని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఆ ఏడాది ఒక సబ్జెక్టు తప్పానని వాళ్ళకు ఆ రోజే తెలిసింది. వేరే బస్సు వచ్చి ఎక్కమన్నప్పుడు నాకు నిజంగా దిగులేసింది.

ఆ రోజే మా గ్రూపులో ఒక చట్టం పుట్టింది. పేరు: చిక్కుకున్నవాళ్ళ హక్కు. ప్రయాణంలో ఎక్కడైనా చిక్కుకున్నవాళ్ళు కాల్ చేస్తే మిగతా ఇద్దరూ ఎత్తి తీరాలి. క్లాసులో ఉన్నా, స్నానంలో ఉన్నా, ప్రొఫెసరు ఎదురుగా నిలబడి తిడుతున్నా సరే! ఒకరు చిక్కుకుని మాట్లాడుతుంటే రెండోవాళ్ళు తమ చిక్కుని మధ్యలో దూర్చకూడదు. చిక్కు మాత్రం ప్రయాణంలోదే అయ్యుండాలి. జ్వరం చెల్లదు. మార్కులు తగ్గడం చెల్లదు. ప్రేమ బెడిసికొట్టడానికి మెసేజ్ చాలు, ఫొటో ఉంటే జతపరచాలి. ఇంత పకడ్బందీగా ఎందుకంటారా? లేకపోతే ఊరికే ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటాం, చదువులేం కాను?

అక్కడినుంచి మాకు స్వర్ణయుగమే! చిలక బ్యాగు రైల్లో ఇంకొకరి బ్యాగుతో మారిపోయింది. చిలక బ్యాగులో ఏముంది? ప్లాస్టర్‌తో అచ్చుపోసిన పదకొండు దవడలు, పళ్ళతో సహా. అవతల ఆ బ్యాగు తెరిచినావిడ వేసిన కేక స్టేషన్ మాస్టరు గదిదాకా వినిపించిందట. ఆ దవడలు పాఠ్యాంశమే గానీ ఎవరివీ కావని రుజువు చేసేదాకా చిలక రెండు గంటలు బల్ల మీద కూర్చుని మాతో మాట్లాడింది. గడియారం అయితే, "ఈ వారం చినుకు కూడా పడదు" అని తన చేత్తో రిపోర్టు రాసి, కాలేజీ నోటీసు బోర్డులో పెట్టి, గొడుగు లేకుండా ఊరికి బయల్దేరాడు. వంతెన ఇవతల ఐదు గంటలు వాన నీళ్ళలో ఆగిన బస్సులోంచి అతను ఇచ్చిన వాతావరణ వివరణ నా జీవితంలో విన్న అతి పొడవైన క్షమాపణ.

ఇప్పుడు చెప్పండి, టైముకు వెళ్ళే బండి ఏం ఇస్తుంది? ఎక్కుతాం, చెవుల్లో పాటలు పెట్టుకుంటాం, దిగుతాం. "చేరాను" అని ఒక మెసేజ్. కింద ఒక బొటనవేలు. దీనికోసమా కొత్త పట్టాలు వేస్తున్నారు? దీనికోసమా రోడ్లు వెడల్పు చేస్తున్నారు?

ఈ భాగ్యంలో అందరికంటే ఎక్కువ వాటా చిలకది. ఈ ఏడాదైతే ఆమె ఎక్కిన ప్రతి బండీ ఆగిపోయింది! ఒక్క సెమిస్టరులో పదకొండుసార్లు. సిగ్నల్ పాడైంది, ఇంజన్ మార్చాలి, పట్టాల మీదికి గేదెలు వచ్చాయి, గార్డు కనిపించడం లేదు. "నీ జాతకమే జాతకం!" అని మేం అసూయపడ్డాం. ఇన్నిసార్లు ఎక్కడికి వెళ్తున్నావని అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. మనిషి అదృష్టాన్ని నిలదీయడం మర్యాద కాదు కదా!

పోయిన నెల నేను ఇంటికి బయల్దేరాను. రెండు రోజులు నమూనాలు కోసి కోసి అలసిపోయి ఉన్నానేమో, బస్సులో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. కండక్టరు తట్టి లేపేసరికి మా ఊరు దాటి మూడు గంటలయింది. "ఇదే చివరి స్టాపమ్మా" అన్నాడు. చూస్తే అది చిలక చదువుకునే ఊరు! పట్టపగలు, పదకొండు గంటలకు, చక్కగా చిక్కుకున్నాను. హక్కు వాడుకుందామని ఫోను తీశానో లేదో, చిలక దగ్గర్నుంచే కాల్.

"ఒసేయ్, రైలు ఆగిపోయిందే! చుట్టూ పొలాలు, ఒక్క మనిషి లేడు."

చట్టం ప్రకారం ఆమెదే ముందు వంతు కాబట్టి నా చిక్కు సంగతి ఎత్తలేదు. గడియారం పరీక్షలో ఉన్నాడు, ఫోను ఆపేసి ఉంది. సరే, మనిషి ఊళ్ళో లేకపోతేనేం, ఆమె గదిలో కాసేపు నడుం వాలుద్దామని, చెవిలో ఆమె కబుర్లు వింటూనే హాస్టలు దాకా నడిచాను. గేటు దగ్గర వార్డెన్ రిజిస్టరు ముందుకు తోసింది. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి చిలక పేరు చెప్పాను.

"పైనే ఉంది. రెండు రోజులుగా కిందికే దిగలేదు. కాస్త ఏదన్నా తినమని చెప్పమ్మా" అందావిడ.

మూడో అంతస్తు ఎక్కాను. వరండాలో నడుస్తుంటే, నా కుడి చెవిలో ఫోన్లోంచి ఒక చిలక, ఎడమ చెవిలో తలుపు వెనకనుంచి ఒక చిలక. "గార్డు దిగి అటువైపు నడుస్తున్నాడే... ఇప్పట్లో కదిలేలా లేదు" అని రెండు వైపులనుంచీ వినిపిస్తోంది. నేను తలుపు తట్టాను.

"ఉండవే, టికెట్లు చూసేవాళ్ళు వచ్చినట్టున్నారు" అంది. తలుపు తీసింది.

ఇద్దరం ఫోన్లు చెవుల దగ్గరే పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. గదిలో కిటికీ మూసి ఉంది. మంచం మీద దుప్పటి, నేల మీద దవడలు, బల్ల మీద కడగకుండా వదిలేసిన కాఫీ కప్పులు మూడు. పొలాలు ఎక్కడా లేవు.

"రైలేదే?" అన్నాను. అంతకంటే మంచి ప్రశ్న దొరకలేదు.

చిలక ఫోను కట్ చేసింది. "ఊరికే చేస్తే ఎత్తరుగా" అంది.

నేను కోప్పడాలని చాలా ప్రయత్నించాను. ఎప్పుడు ఎత్తలేదో చెప్పు, ఒక్కసారి చూపించు అన్నాను. ఆమె చూపించలేదు. నేనే నా ఫోను తెరిచాను. రెండు వారాల క్రితం ఆమెనుంచి ఒక కాల్, నేను ఎత్తలేదు. కింద నా మెసేజ్: "క్లాసులో ఉన్నా. ఏదైనా అర్జెంటా?" ఆమె జవాబు: "లేదులే." ఆ "లేదులే" మీద నేను ఒక బొటనవేలు పెట్టాను.

ఆ రోజు ఆమె ప్రాక్టికల్ పరీక్ష పోయింది. పన్ను పీకే పరికరం పట్టుకుంటే చెయ్యి వణికిందట. "నీకు ఈ చదువు పనికిరాదు" అని ప్రొఫెసరు రోగి ముందే, బ్యాచ్ మొత్తం ముందే అన్నాడట. కోర్సు మానేయడానికి ఫారం నింపి, సంతకం చేసి, బల్ల మీద పెట్టుకుని పద్నాలుగు రోజులుగా చూస్తోంది. ఇంట్లో చెప్పలేదు. మాకు చెబుదామని ఈ రెండు వారాల్లో నాలుగుసార్లు రైలెక్కింది. ప్రతిసారీ రైలు కబుర్లకు మేం ఎంత నవ్వామంటే, అసలు మాట చెప్పడానికి సందు దొరకలేదు. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గేసింది కూడా, ఎందుకంటే ఆ చట్టంలో సగం వాక్యాలు నేను రాసినవే.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ఇద్దరం కిందికి దిగి తిన్నాం. చిలక మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా అరగంట మాట్లాడింది, అప్పుడు ప్రాణం కుదుటపడింది. ఫారం ఇంకా చింపలేదు. ఇంకా ఇవ్వనూ లేదు.

తిరుగు బస్సు ఎక్కాను. నా ఖర్మ కొద్దీ అది నిమిషం తేడా లేకుండా బయల్దేరింది. దారి పొడవునా ఒక్క టైరు పేలలేదు, ఒక్క గేదె అడ్డం రాలేదు. అయినా గడియారానికి కాల్ చేశాను.

"ఎక్కడ చిక్కుకున్నావ్?" అన్నాడు.

"ఎక్కడా లేదు. బస్సు టైముకే వెళ్తోంది."

అతను హడలిపోయాడు. "అయ్యో, ఏమైంది? ఇంట్లో అందరూ బాగున్నారా? నువ్వు బాగున్నావా?"

"అందరం బాగానే ఉన్నాం. ఊరికే చేశాను."

"ఊరికేనా?" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అయితే నేనొకటి చెబితే తిట్టకూడదు. పోయిన వారం నా బస్సు ఆగలేదే. అసలు నేను బస్సే ఎక్కలేదు."

కాబట్టి పాఠకులారా, ఇంతసేపూ నేను బళ్ళ ఆలస్యాన్ని పొగిడిన పొగడ్తలన్నీ వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. విచారణలో తేలిందేమిటంటే, ఈ ఏడాది మా బళ్ళు చాలామటుకు టైముకే నడిచాయి. రైల్వేవారికీ, బస్సులవారికీ, ముఖ్యంగా ఆ గేదెలకూ నా క్షమాపణలు. ఆగకపోయినా ఆగాయని చెప్పిన బళ్ళు నావి కూడా ఒక రెండు ఉన్నాయి. అవి ఇవాళ ఆ ఇద్దరికీ ఫోన్ చేసి చెబుతాను.