పంతులమ్మ ఇంటికి బువ్వకు రాండ్రి

ఆ శుక్రవారం పొద్దున ఎలీసబెతు పంతులమ్మ అనుకున్నది ఇంతే: గంజి తాగి, మంచి చీర కట్టుకుని, మధ్యాహ్నం ఆదిలాబాద్ నుంచి వచ్చే ఆఫీసరు ముందు తన ఆడవాళ్ల బడిని నిలబెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ అయిదేళ్లకు ఇచ్చోడలో పెట్టిన బడి అది. చదివేది పన్నెండు మంది. అక్షరాలు చక్కగా దిద్దుతారు గానీ కొత్తవాళ్లు కనిపిస్తే నోరు మెదపరు. వాళ్లు నోరు విప్పకపోతే బడి ఎత్తేస్తామని ఆఫీసరు రామచంద్రం ముందే రాసి పంపాడు.

అందుకే ముందురోజు ఆమె మాట్లాడే పాఠం చెప్పింది. "ఇయ్యాల ఎవల్నన్న అన్నానికి పిలిచి సూడుండ్రి. ఉత్తగనే, అలవాటు కోసం."

"ఉత్తగ పిలుసుడేంది పంతులమ్మా?" అంది ఆ పన్నెండు మందిలో ఒకతె, కమలవ్వ. "పిలిస్తే పెట్టాలె గద."

"పాఠమే గద, ఫికర్ చెయ్యకుండ్రి" అని పంతులమ్మ తోసిపారేసింది. చదువుకున్న మనిషి పాపం, పాఠంలో మాటలు పాఠంలోనే ఉంటాయనుకుంది.

పెట్టలేని పిలుపు పిలవకూడదు, పంతులమ్మ మాట తీసెయ్యకూడదు. పన్నెండు మందీ సాయంత్రం దాకా తల పట్టుకుని ఉపాయం కనిపెట్టారు. తలా ఒక ఇంటికి వెళ్లి, "రేపు పగటేల పంతులమ్మ ఇంటికి బువ్వకు రాండ్రి" అని పద్ధతిగా పిలిచి వచ్చారు.

పిలిచిన ఇంటి నుంచి ఒక్కరే వస్తారా? అత్తలు వచ్చారు, మరుదులు వచ్చారు, చంకలో పిల్లలు వచ్చారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా యాభై మంది పంతులమ్మ వాకిట్లో వరుసగా కూర్చున్నారు.

"నీ ఇంటికే పిలిచినం పంతులమ్మా" అంది కమలవ్వ సంతోషంగా.

ఇంట్లో ఉన్నది సోలెడు జొన్నపిండి. అంతలో జీపు ఆగింది. దిగిన రామచంద్రాన్ని ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని వరుసలో కూర్చోబెట్టింది.

పంతులమ్మ వాకిలినీ పిండి గిన్నెనూ మార్చి మార్చి చూసింది. ఉత్త పాఠమని చెబితే వచ్చినవాళ్లను అవమానించినట్టే. చెప్పకపోతే పెట్టడానికి ఏమీ లేదు. బడి పోయినట్టేనని ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు పోశవ్వ లేచింది. ఇన్నాళ్లూ హాజరు పిలిచినా తల మాత్రమే ఊపిన మనిషి.

"తప్పు మాది, పంతులమ్మది కాదు. మాఫీ చెయ్యుండ్రి" అంది. "గీడ పొయ్యి ఒక్కటే. ఎవలింట్ల వండింది వాళ్లు జర ఇటు తెండ్రి, కలిసి తిందాం. జొన్నలు ఇంటికొచ్చినంక మేం పన్నెండు మందిమి మీకందరికి పెడ్తం. మాటిస్తున్న."

ఏం మనిషి ఆమె! తప్పొప్పుకుంది, అడిగింది, మాటిచ్చింది. జనం లేచి వెళ్లి గంపలతో, కుండలతో తిరిగొచ్చారు. రామచంద్రం ఆకలికి మించి రెండు రొట్టెలు తిని, "గిట్ల మాట్లాడేటోళ్లను నేను మా ఆఫీసుల గూడ సూడలే" అని బడికి ఇంకో ఏడాది సంతకం పెట్టాడు. పంతులమ్మ పోశవ్వను గట్టిగా పట్టుకుని, "ఉత్తగ అని మల్ల అనను" అంది.

జీపు ఎక్కుతూ రామచంద్రం కూడా పెద్దమనుషులందరూ అనే మాటే అన్నాడు. "ఆదిలాబాద్ దిక్కు వస్తే అందరు మా ఇంటికి భోజనానికి రావాలె."

సోమవారం తొలి బస్సుకు పన్నెండు మందీ ఉతికిన చీరలు కట్టుకుని బయల్దేరారు. ఈ సంగతి రామచంద్రం భార్యకు పదకొండు గంటలకు తెలిసింది.