పళ్ళ డాక్టరు ఊరివైపు తిరిగిన విమానం

ఆ ఉదయం కళ్ళజోళ్ళ షాపతని పథకం చాలా చిన్నది. భార్యను విమానం ఎక్కించి వచ్చి, ఆమె చెల్లెలి ఊళ్ళో దిగేదాకా షాపులో కూర్చుని, ఫోన్లో మ్యాపు మీద కదిలే ఆ విమానం బొమ్మనే చూడడం. లెక్కల టీచరైన భార్య ఎప్పుడు ఊరికి వెళ్ళినా అతనికి కాళ్ళూ చేతులూ ఆడవు.

సగం దారిలో బొమ్మ గిరుక్కున ఎడమకు తిరిగింది. అటువైపు ఉన్న పెద్ద ఊరు ఒక్కటే. ఆ ఊళ్ళోనే ఉన్నాడు, పెళ్ళికి ముందు ఆమెను చేసుకుంటానని అడిగిన పళ్ళ డాక్టరు.

షాపు మూసి ఇంటికి పరుగెత్తాడు. "చూశావా అమ్మా! అటే పోతోంది!"

తల్లి గాభరాగా లేచింది. "విమానానికేమైందిరా?"

"దానికేం, దుక్కలా ఉంది! ఆ పళ్ళ డాక్టరు ఊరికి పోతోంది!"

"అదేమన్నా ఆటోనా, కోడలు తిప్పమంటే తిప్పడానికి?"

ఇంతలో విమానం కంపెనీ మెసేజ్ వచ్చింది: చిన్న మరమ్మతు, దగ్గరి ఊళ్ళో దించుతున్నాం.

"ఎంత తెలివి! సాకు కూడా సిద్ధం!" అంటూ డాక్టరు క్లినిక్ నంబరు వెతికి ఫోన్ చేశాడు. "నేను టీచరుగారి భర్తని. ఆవిడ మీ ఊళ్ళో దిగుతోంది. మీరు ఎయిర్‌పోర్టు ఛాయలకి వెళ్ళారో, మర్యాద దక్కదు!"

"అయ్యో, ఏ విమానమండీ?" అన్నాడు డాక్టరు.

ఆ ఊపులో విమానం నంబరు కూడా చెప్పేసి, ఫోన్ పెట్టాక నాలుక కరుచుకున్నాడు.

తల్లి అప్పటికే టీవీ పెట్టింది. విమానం ఆకాశంలో చక్కర్లు కొడుతోంది. ముందు చక్రం బయటికి రావడం లేదట.

అతను టీవీ ముందే నేలమీద కూర్చుని భార్యకు ఫోన్ చేశాడు. మోగడం లేదు. "ఏ ఊళ్ళోనైనా దిగనీ అమ్మా... ఎవడైనా ఎదురెళ్ళనీ... దిగితే చాలు."

తల్లి వచ్చి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. భార్య ఏడుస్తోంది. "దిగామండీ! చివరికి చక్రం వచ్చింది. బయట డాక్టరుగారు మంచినీళ్ళ సీసాతో నిలబడి ఉన్నారు. మీరే పంపారటగా! 'మా ఆవిడ భయపడుతుంది, కాస్త తోడుండండి' అని ఆయన్ని బతిమాలారట! ఇన్నేళ్ళూ మిమ్మల్ని అనుమానం మనిషనుకున్నాను. మీ అంత పెద్ద మనసు ఎవరికుంటుందండీ!"

"దానిదేముంది లే," అన్నాడు గొంతు సవరించుకుని.

ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే, డాక్టరు కల్పించిన ఆ మంచి మొగుడి మీద ఒళ్ళు మండింది. తనతో ఆమె ఏనాడూ అంత ప్రేమగా మాట్లాడలేదు.