వెంటపడిన పడవ

ఆ ఉదయం చేపల వ్యాపారి చేతిలో ఉన్నవి మూడు: మంచి పడవ, కొత్త రాడార్, పనికొచ్చే అబద్ధం ఒకటి. తన ఇంజను మొరాయిస్తోందని బావమరిది ముందురోజే పడవ అడిగాడు. "మాదీ పాడైందిరా" అని ఇతను దీనంగా చెప్పి పంపాడు. తెల్లవారేసరికి పొగమంచు కమ్మింది. ఎవరి కంటా పడకుండా వేటకు పోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని, భార్యను ఎక్కించుకుని బయలుదేరాడు.

రాడార్ అమ్మినవాడు రెండు మాటలు చెప్పాడు. దాని పక్కన పెద్ద ఇనుప సామాను పెట్టొద్దన్నాడు. ఒక్కోసారి లేని పడవ కూడా తెరమీద కనిపిస్తుందన్నాడు. వ్యాపారి రెండోదే గుర్తుంచుకుని, మనిషెత్తు రేకు ఐసు పెట్టెను సరిగ్గా రాడార్ వెనకే నిలబెట్టాడు.

కాసేపటికి తెరమీద రెండు చుక్కలు తేలాయి. ఒకటి ముందు, ఒకటి వెనక.

"వెనకొచ్చేది నీ తమ్ముడే! పసిగట్టేశాడు."

"మరి ముందున్నదో?"

"అది ఉత్తుత్తి చుక్క. నీకు తెలీదులే."

"రెండూ ఒకే దూరంలో ఉన్నాయి కదండీ..."

"నువ్వు కాస్త ఊరుకుంటావా?"

వేగం పెంచాడు. వెనక చుక్క దగ్గరికొచ్చింది. ఇంకా పెంచాడు. అది ఇంకా దగ్గరికొచ్చింది.

"ఇంజను మొరాయిస్తోందని ఏడ్చాడే! గాలిలా వస్తున్నాడు చూడు. ఒట్టి అబద్ధాలకోరు!"

భార్య అతని ముఖంలోకి ఒకసారి చూసి, పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

మాటిమాటికీ వెనక్కే చూస్తున్న వ్యాపారికి, ఎదురుగా మంచులోంచి పడవ బయటపడేసరికి ఇంజను ఆపే వ్యవధే దొరికింది. ఠంగున తగిలింది. అందులో, చచ్చిన ఇంజను పక్కన ముడుచుకు కూర్చున్న బావమరిది దిగ్గున లేచాడు.

"బావా! పాడైన ఇంజనుతో నాకోసం ఇంత దూరం వచ్చావా? నేనిక్కడున్నానని ఎలా తెలిసింది?"

వ్యాపారి వెనక్కి తిరిగాడు. అక్కడ పడవ లేదు, ఐసు పెట్టె ఉంది. రాడార్ తరంగాలు ఆ రేకుకు తగిలి, ముందున్న పడవే వెనక కూడా కనిపించిందన్నమాట.

"రాడార్‌లో చూశారురా," అంది భార్య. "మీ బావకి నువ్వు రెండు చోట్ల కనిపించావు. అంత ఆపేక్ష!"

వేట మానుకుని, బావమరిది పడవను తాడు కట్టి లాక్కొచ్చాడు. సాయంత్రానికి రేవంతా ఆ త్యాగాన్నే చెప్పుకుంది. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోయేసరికి, మేలు మరవని బావమరిది మర్నాడు పొద్దున్నే పనిముట్లతో దిగి, "నీ ఇంజను నా చేత్తోనే బాగుచేస్తా బావా" అని విప్పడం మొదలుపెట్టాడు.

అంతా తిరిగి బిగించాక వ్యాపారి లెక్క తేలింది: మంచిపేరు ఒకటి, మిగిలిపోయిన మరలు నాలుగు.