ఎర్ర దీపం, రెండు వాగ్దాన కార్డులు

ఆదివారం పొద్దున ఆరింటికే క్రీస్తుదాసు గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, నిన్న నెల్లూరులో కొన్న వైర్‌లెస్ ఛార్జింగు పలక మీద ఫోను పెట్టాడు. పాస్టరు గారు ఊళ్లో లేనందున చర్చిలో ఈ వారం సందేశం ఆయనది. ఇదే మొదటిసారి. నలభై నిమిషాల సందేశమంతా ఫోనులోనే రాసుకున్నాడు. శనివారమే వచ్చి దిగిన అత్త రెబెక్కమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. అల్లుడికి నోట్లో మాట లేదన్నది పెళ్లినాటి నుంచీ ఆమె అభిప్రాయం. ఈ రోజు దాన్ని మార్చాలని ఆయన పంతం.

"ఆ పలకెందుకయ్యా? వైరు పెడితే గంటలో ఎక్కేస్తాది గదా," అంది భార్య మగ్దలీనమ్మ.

"నీ వైరుకు మెడ విరిగితే నల్ల టేపు చుట్టినాం. పైన బియ్యం డబ్బా పెడితే గానీ ఎక్కదు. దీనికా బాధే లేదు, పెట్టేది, తీసుకునేది."

పలక అంచున ఎర్ర దీపం మిణుకుమంది. క్రీస్తుదాసు తృప్తిగా తలాడించాడు. కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో ఆయన పదేళ్లుగా ఎలక్ట్రీషియను. అక్కడ ప్యానెల్లో ఎర్ర దీపం వెలిగిందంటే కరెంటు పారుతున్నట్టు. పలక లెక్క వేరు. అది మిణుకుమంటే ఫోనుకూ తనకూ మధ్య ఏదో అడ్డముందని అర్థం. ఆ సంగతి రాసిన కాగితాన్ని ఆయన అట్టపెట్టెతో సహా పారేశాడు.

తొమ్మిదిన్నరకు చర్చిలో జేబులోంచి ఫోను తీస్తే రెండు శాతం ఉంది. ఆయనకు ముచ్చెమటలు పోశాయి. సౌండు చూసే హెన్రీని పక్కకు పిలిచాడు.

"వైరు ఉండాదన్నా, పొట్టిది. ప్లగ్గేమో నేల దగ్గర ఉండాది," అన్నాడు హెన్రీ.

"మైకు కిందికి దించు."

క్రీస్తుదాసు ప్లగ్గు పక్కన మోకాళ్ల మీద కూర్చొని చదవడం మొదలుపెట్టాడు. ప్రార్థన కాబోలనుకొని సంఘమంతా మోకరించింది.

"ప్రార్థనకు వైరు అక్కర్లేదు," అని చదివాడు.

"ఆమెన్," అంది సంఘం. కీబోర్డు ముందున్న ఆనందబాబు సన్నగా రాగం ఎత్తుకున్నాడు.

వరస తప్పుతుందన్న భయంతో క్రీస్తుదాసు తలెత్తలేదు. ఆయన లేవనిదే ఎవరూ లేవలేదు. ఐదు నిమిషాలకు పెద్దవాళ్ల మోకాళ్లు పట్టేశాయి. రెబెక్కమ్మ ఉక్కపోతకు తాళలేక హెన్రీకి సైగ చేసింది. హెన్రీ పాపం, పెద్దావిడ బాధ చూడలేక ఛార్జరు పీకి, ఆ ప్లగ్గులో టేబులు ఫ్యాను పెట్టాడు. అంతవరకూ కొనప్రాణంతో ఉన్న ఫోను ఆరిపోయింది.

క్రీస్తుదాసు కంగారులో ఫోను పౌచీ ఊడదీశాడు. లోపలి నుంచి బంగారు రంగు రేకు అతికించిన కార్డులు రెండు జారిపడ్డాయి. కొత్త సంవత్సరం నాడు బైబిలు వచనం రాసి చర్చిలో ఒక్కొక్కరికీ ఇచ్చే వాగ్దాన కార్డులవి. ఒకదాని మీద మగ్దలీనమ్మ పేరు, రెండోదాని మీద రెబెక్కమ్మ పేరు ఉన్నాయి. మొదటి సందేశానికి తోడుగా ఉంటాయని తల్లీకూతుళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు దూర్చారు. పలకకు అడ్డం పడింది ఆ రేకులే.

అత్త పేరును ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు. సంఘం కూడా హమ్మయ్య అనుకుంటూ లేచింది.

"మా అత్త నాకు మాట రాదంటాది. అయినా తన వాగ్దానం తెచ్చి నా ఫోన్లో పెట్టింది. వైరు లేని ప్రార్థనంటే అదే. నేను నలభై నిమిషాలు చెప్పాలనుకున్నదీ ఇదే," అని కూర్చున్నాడు.

రెబెక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మాటొచ్చినట్టే ఉండాదే మీ ఆయనకు," అంది కూతురితో.

వచ్చే నెల సందేశం కూడా క్రీస్తుదాసే చెప్పాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, మగ్దలీనమ్మ నోట పలక సంగతి విన్నాక ఫోను మాత్రం ఆ పలక మీదే పెట్టుకొని రమ్మంది.